పడటమూ విద్యే

నెలకోసారైనా ఎవరో ఒకరు మా ఇంటి మెట్లెక్కి వస్తారు. ఛాతీ ముందుకు తోసుకుని, చొక్కా చేతులు కండల మీదికి మడిచి, "పెద్దాయనా, సినిమాల్లో ఫైట్లు చెయ్యాలని ఉండాది. ఒక దోవ సూపించండి" అంటారు. నేను కండలు చూడను. పెరట్లో ఇసుక పోయించి ఉంచాను. "ఆడ ఒకసారి పడి సూపించప్పా" అంటాను. సగం మంది నవ్వుతారు. కొందరికి కోపం వస్తుంది. కోపం వచ్చినవాళ్ళ మీద నాకు కాస్త ఎక్కువ ప్రేమ. ఇరవై రెండేళ్ళ వయసులో నాకూ అలాగే ఒళ్ళు మండింది.

వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఎన్ని సినిమాలు చేశానో, ఏ హీరో పక్కన నిలబడి ఫొటో దిగానో ఇందులో ఉండదు. అవి గోడకు తగిలించే ఉన్నాయి, వచ్చి చూసుకోవచ్చు. ఈ పనిలో నాకు బుద్ధి చెప్పినవాళ్ళు ముగ్గురు. ఒకడు నిలబడటం నేర్పాడు, ఒకడు పడటం నేర్పాడు, ఒకాయన నన్ను క్షమించాడు. ముగ్గురూ రెండో ప్రపంచ యుద్ధం ముగిసేలోపే, మా చిత్తూరు జిల్లాలోనే దొరికారు. ఆ తర్వాత మద్రాసులో ముప్ఫై ఏళ్ళు పని చేశాను గానీ, కొత్తగా నేర్చుకున్నది తక్కువ.

గరిడీ

మా ఊరు పాకాలకు ఆరు మైళ్ళు. ఊరి చివర గరిడీ ఉండేది. కర్రసాము, కుస్తీ నేర్పే చోటును మా వైపు గరిడీ అంటారు. తాటాకు కప్పు, నాలుగు మట్టి గోడలు, లోపల మోకాలి లోతు మెత్తటి ఎర్రమన్ను. దాన్ని నడిపించే ఆయన వస్తాదు కోదండప్ప. నేను చేరేనాటికే ఆయన మీసం తెల్లబడింది. సన్నగా ఉండేవాడు. నడుస్తుంటే చప్పుడు వినిపించేది కాదు. చేతిలోకి కర్ర వచ్చిందంటే మాత్రం అదెక్కడుందో, ఆయనెక్కడున్నాడో మాకు అంతుపట్టేది కాదు.

గరిడీలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవడి వీపుకు మన్ను అంటిందో వాడు వారం రోజులు కర్ర ముట్టకూడదు. బావి నుంచి నీళ్ళు మోసి మన్ను తడపాలి, తవ్వాలి, రాళ్ళేరాలి. మిగతావాళ్ళు వాడి ముందే సాము చేస్తుంటే చూస్తూ పారపట్టాలి. ఆ వారం వాడితో ఎవరూ పరిహాసం కూడా ఆడరు. అదే పెద్ద శిక్ష. నేను రెండుసార్లు మోశాను. మూడోసారి మోయకూడదని ఎంత పంతం పట్టానంటే, కలలో కాలు జారినా ఉలిక్కిపడి లేచేవాణ్ణి.

కోదండప్ప వీపుకు మన్ను అంటగా చూసినవాడు ఊళ్ళో లేడు. యాభై ఏళ్ళలో ఎన్ని జాతరల్లో, ఎంతమంది మీద కర్ర తిప్పాడో లెక్కలేదు. "కోదండప్ప పడినాడంటే పొద్దు పడమట పొడిచినట్టే" అని మా వైపు సామెతలా అనేవాళ్ళు. ఆయన విని విననట్టు మీసం దువ్వుకునేవాడు. మా నాయన నాకు అన్నం పెట్టాడు, కాదనను. కానీ నేను మనిషినని నాకు అనిపించింది గరిడీలో. ఉన్నమాట చెప్పాలంటే, నాయన కంటే కోదండప్పంటేనే నాకు ప్రేమ ఎక్కువ.

జపానువాడు బాంబులేస్తాడని మద్రాసు సగం ఖాళీ అయినప్పుడు ఒక సినిమా కంపెనీ కెమెరా సర్దుకుని చంద్రగిరి వచ్చింది. కొండల్లో దొంగల కథ తీయాలట. దొంగలు కావాలి. కర్ర తిప్పగలవాళ్ళ కోసం వెతుక్కుంటూ వాళ్ళ ఫైటింగు మేస్త్రీ ఏసురత్నం మా గరిడీకి వచ్చాడు. పొట్టి మనిషి, మెడ అనేది ఉందా లేదా అన్నట్టు ఉండేవాడు. అరవదేశం సరిహద్దున తడ దగ్గర పుట్టినవాడు, అందుకే ప్రతి మాటకూ ఒక "తంబీ". మా సాము చూసి సంతోషపడి, పదిమందిని పంపమని వస్తాదును అడిగాడు.

ఆడ మావోళ్ళు ఏం చెయ్యాలని వస్తాదు అడిగాడు. ఏసురత్నం అబద్ధం చెప్పి ఉంటే పదిమందీ దొరికేవాళ్ళు. ఆ మనిషికి అబద్ధం రాదు. "పడాలయ్యా. హీరో కొడితే పడాల. మళ్ళా లేసి మళ్ళా పడాల" అన్నాడు.

వస్తాదు లేచి లోపలికి వెళ్ళిపోయాడు. బేరం అక్కడితో సరి. పదిమందిలో పోతానన్నది నేనొక్కణ్ణే. వానల్లేవు, వేరుశనగ ఎండిపోయింది, ఏం చేసేదని ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాను. కరువు నిజమే. అయితే కరువు లేకపోయినా పోయేవాణ్ణి. తెరమీద నా ముఖం చూసుకోవాలని ఆశ. ఆ ఆశను దాచుకోవడానికి కరువు బాగా పనికొచ్చింది.

బయల్దేరే ముందు వస్తాదు కాళ్ళకు దండం పెట్టబోతే ఆయన కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

"పోతే పో మునిరత్నం. కూడు దొరికే తావుకు పోవద్దని సెప్పే హక్కు నాకు లేదు. అయితే ఒకటి. ఎవుడో వేషగాడి సేతిలో నువ్వు పడినావని నా సెవిన పడిందా, ఈ గడప తొక్కొద్దు."

నేను పడను అనుకున్నాను. పడకుండానే పని చేసి వద్దాములే అనుకున్నాను. ఆ వయసులో అన్నీ అనుకోవచ్చు.

మొదటి రోజు

మొదటి రోజే పరువు పోయింది. ఇరవైమంది దొంగలం రాళ్ళ వెనక దాక్కుని, హీరో ఎడ్లబండి రాగానే ఒక్కపెట్టున మీదికి దూకాలి. దూకాము. పందొమ్మిదిమంది కర్రలెత్తుకుని అరుస్తూ పోయారు. నేను మాత్రం ఆగి, వంగి, నేల తాకి కళ్ళకద్దుకుని, నా కర్ర కొసను హీరో ముందుకు చాపి నిలబడ్డాను. గరిడీలో సాము మొదలయ్యే ముందు ఎదుటివాడి కర్రకు కర్ర తాకించాలి. వాడు తిరిగి తాకించేదాకా దెబ్బ వేయకూడదు. పదేళ్ళుగా రోజూ చేస్తున్న పని, నా ఒళ్ళు నన్ను అడగకుండానే చేసేసింది.

హీరో రఘుపతాచార్యులు తిరుపతి మనిషి. వాళ్ళ ఇంట్లో తరతరాలుగా గుళ్ళో పాశురాలు చదువుతారు. నాటకాల్లో పద్యం పాడితే జనం ఒకటికి నాలుగుసార్లు మళ్ళీ పాడించుకునేవాళ్ళు. కర్ర మాత్రం ఆయన జీవితంలో పట్టలేదు. దొంగ ఒకడు అంత మర్యాదగా నిలబడేసరికి ఆయనకూ ఏం చెయ్యాలో తోచలేదు. బండి దిగి, కర్ర చంకలో పెట్టుకుని, రెండు చేతులూ జోడించి నాకు నమస్కారం చేశాడు.

యుద్ధంలో ఫిలిం దొరకడం గగనం. కెమెరా ఆయన తల పట్టుకుని నేలమీద కూలబడ్డాడు. డైరెక్టరు తిట్టిన తిట్లు నాకు సగం అర్థం కాలేదు, అరవంలో తిట్టాడు. ఏసురత్నం మేస్త్రీ మాత్రం కడుపు పట్టుకుని నవ్వి, "తంబీ, నువ్వు దొంగవా, పెండ్లి పెద్దవా?" అన్నాడు. ఆ పేరు ఆ కంపెనీలో నాకు చాలాకాలం నిలిచిపోయింది.

మర్నాడు ఇంకో తంటా. దెబ్బలు బాగానే వేశాను. చూస్తే కెమెరాలో ఏమీ కనపడలేదన్నారు. ఎలా కనపడుతుంది? దెబ్బ బయల్దేరిన సంగతి ఎదుటివాడి కంటికి తెలిస్తే అది దెబ్బే కాదని వస్తాదు మాకు నూరిపోశాడు. భుజం కదలకూడదు, కన్ను అటు పోకూడదు. అంత కష్టపడి దాచడం నేర్చుకున్నదాన్ని ఇప్పుడు విప్పి చూపించమంటున్నారు. మేస్త్రీ నన్ను పక్కకు తీసుకుపోయి కెమెరాను చూపించి, అది కన్ను సరిగ్గా ఆనని ముసలమ్మ అనుకోమన్నాడు. "ముందు కర్ర ఎత్తి, ఇదిగో అవ్వా కొడతా ఉండానని ఆమెకు సూపించు. ఆ మీంద కొట్టు" అన్నాడు. ఇప్పటి కుర్రాళ్ళకు నేను ఇంతకంటే బాగా చెప్పలేను. నిజం సాములో దాచేవాడు గొప్ప. మన పనిలో చూపించేవాడు గొప్ప. రెండూ ఒకటే అనుకుని వచ్చే పహిల్వాన్లు మూడు రోజుల్లో ఇంటికి పోతారు. నేను చాలామందిని చూశాను.

మేస్త్రీ నేల చూసే పద్ధతి

అప్పటివరకూ నేను పడలేదు. పడే వంతు వస్తే ఏదో ఒక వంక పెట్టి వేరేవాణ్ణి ముందుకు తోసేవాణ్ణి. మేస్త్రీ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఆయన ఒకప్పుడు సర్కసులో ఊయల మీద పని చేసినవాడు. ఒకసారి వల తెగి కిందపడితే చచ్చాడనుకున్నారట. లేచి నిక్కరు దులుపుకున్నాడట. ఆయన దగ్గర నేను చూసిన పద్ధతి ఇంకెవరి దగ్గరా చూడలేదు. ఎవరైనా ఒకచోట పడాల్సి ఉందంటే, తెల్లవారకముందే ఆ చోటికి వెళ్ళి తానే పడుకునేవాడు. వెల్లకిలా ఒకసారి, ప్రతి పక్కకూ ఒకసారి. వీపుకు తగిలిన ప్రతి రాయినీ ఏరి తుండులో వేసుకునేవాడు. ముల్లు గుచ్చుకుంటే తీసి, "ఇది నీకు గుచ్చుకోవాల్సిన ముల్లు తంబీ, నేను తీసుకున్నాను" అని పడబోయేవాడికి చూపించేవాడు. ఆయన వీపు మీద ఎప్పుడూ పది గీతలుండేవి. మమ్మల్ని తిట్టేవాడు, కొట్టేవాడు కూడా. కానీ ఆయన పడుకుని చూడని నేల మీద మాలో ఒక్కడూ పడలేదు.

నేను తర్వాత పెద్ద పెద్ద మాస్టర్ల దగ్గర పని చేశాను. కుర్చీలో కూర్చుని, వేలు చూపించి "అక్కడ దూకు" అనేవాళ్ళు. వాళ్ళకు పేరు ఎక్కువ. నాకు మాత్రం ఏసురత్నమే మాస్టరు. నువ్వు ఏ మాస్టరు దగ్గర చేరాలో తెలియకపోతే ఆయన చొక్కా విప్పినప్పుడు వీపు చూడు. వీపు నున్నగా ఉంటే వేరే చోటు వెతుక్కో.

బొటనవేలు

ఇక చెప్పడానికి సిగ్గుపడే సంగతి. వదిలేద్దామనుకున్నాను. వదిలేస్తే ఇది రాయడం దండగ.

పడకుండా తప్పించుకోవడం ఎన్నాళ్ళు సాగుతుంది? కథలో దొంగల నాయకుడి కుడిభుజం నేను. హీరో నన్ను ఎడమ భుజం మీద కొట్టాలి, నేను పడాలి. మూడు రోజులు అభ్యాసం చేశాము. అభ్యాసంలో మోకాళ్ళ మీద కూర్చునేవాణ్ణి, అసలు రోజు పడతాలే అని మేస్త్రీకి చెప్పేవాణ్ణి.

అసలు రోజు వచ్చింది. మేస్త్రీ ఒకటి, రెండు, మూడు అని లెక్క చెప్పాడు. రఘుపతాచార్యులు పాపం కంగారులో ఎడమవైపు మరిచిపోయి కుడివైపు కొట్టాడు. అనుకోని వైపు నుంచి కర్ర వస్తే గరిడీవాడి చెయ్యి ఏం చేస్తుందో అదే నా చెయ్యి చేసింది. నా కర్ర లేచి ఆయన కర్రను ఆపి, జారి, ఆయన బొటనవేలి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

చెయ్యి తనంతట తాను లేచిందని అందరికీ చెప్పాను. అది సగం నిజమే. పడాల్సిన క్షణం వచ్చేసరికి నాకు గరిడీ గడప కనపడింది. పడకుండా ఉండటానికి ఒక సాకు దొరికితే బాగుండునని లోపల కోరుకున్నాను. దొరికింది. దాని ఖరీదు ఇంకొకాయన బొటనవేలు.

డైరెక్టరు పరిగెత్తుకొచ్చి ఎవడు చేశాడని అరిచాడు. రఘుపతాచార్యులు చెయ్యి కడుపుకు హత్తుకుని, ముఖమంతా చెమట పట్టి ఉండి కూడా, కర్ర తానే తప్పుగా పట్టుకున్నానని, రాయికి కొట్టుకుందని చెప్పాడు. ఇరవైమందిమి చూస్తూ ఉన్నాము.

సాయంత్రం ఆయన దిగిన సత్రానికి వెళ్ళాను. వేలికి వెదురుబద్దలు కట్టి ఉన్నాయి. ఎడమచేత్తో నామం దిద్దుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు, అది వంకరగా వస్తోంది. నేను గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. మా వస్తాదు పెట్టిన ఆంక్ష, గరిడీ కట్టుబాటు అన్నీ చెప్పేశాను. ఆయన అంతా విన్నాడు.

"నేను ఈ వేషం కట్టానని మా వాళ్ళు ఆరు నెలలుగా నాతో మాట్లాడరు అబ్బాయ్," అన్నాడు. "రోజూ ఆ కొండ దగ్గర నీ కర్ర చూస్తే నా కాళ్ళు వణుకుతాయి. తెరమీద మాత్రం నేను శూరుణ్ణి అయి కనపడాలి. అది నా ఒక్కడి వల్ల కాదు. నువ్వు పడితేనే నేను శూరుణ్ణి."

ఈ పని అసలేమిటో నాకు అర్థమైంది ఆ రోజే. భయపడేవాడికి మన ధైర్యం అప్పిచ్చి, వాడి భయం మనం తీసుకుని కింద పడటం. ఆ మనిషి కోసం ఎన్నిసార్లైనా పడతానని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను. వెళ్ళేముందు నామం మాత్రం నేను దిద్దలేదు. అది వాళ్ళ మనిషి చెయ్యాల్సిన పని. అద్దం పట్టుకుని నిలబడ్డాను.

మరుసటి పొద్దున మేస్త్రీ దగ్గరికి వెళ్ళి పడటం నేర్పమన్నాను. ఎందుకు, ఏమిటి అని ఆయన అడగలేదు. ముందు రెండు రోజులు నా చేతులు వెనక్కి కట్టించి, ఎదురుగా నిలబడి నిమ్మకాయలు విసిరాడు. చెయ్యి లేవకూడదు, కన్ను మూయకూడదు. ఒంటినిండా నిమ్మకాయ దెబ్బలు. తర్వాత ఇసుకలోకి దించాడు. గడ్డం గుండెకు ఆనించాలి. ఊపిరి బిగబట్టకూడదు, వదలాలి. చెయ్యి కర్రలా చాపితే మణికట్టు పోతుంది, అందుకని అరచేయి మొదలు మోచేతి దాకా ఒక్కసారే పరిచి నేలను కొట్టాలి. నేల మనల్ని కొట్టేలోపు మనమే నేలను కొట్టాలన్నమాట. ఇక మిగతాది దొర్లడం. వినడానికి ఇంతే. నాకు నెల పట్టింది. కాలికీ చేతికీ బుద్ధి త్వరగానే వచ్చింది, వీపుకు రాలేదు. నేల దగ్గరికి వచ్చేసరికి బిగుసుకుపోయేది.

రఘుపతాచార్యుల వేలి కట్టు విప్పాక మళ్ళీ తీశారు. కొండచరియ మీద నుంచి, మనిషి ఎత్తు కంటే కొంచెం ఎక్కువ. ఆయన కొట్టాడు. నేను పడ్డాను. వీపంతా మన్ను. ఆయన పరిగెత్తుకొచ్చి నన్ను లేపుతూ, కెమెరా ఇంకా తిరుగుతున్న సంగతి మరిచిపోయి, దెబ్బ తగిలిందా అని అడిగాడు. మళ్ళీ ఫిలిం వృథా. ఈసారి డైరెక్టరు ఎవరినీ తిట్టలేదు, రెండు పక్కల నుంచీ మళ్ళీ తీయించాడు.

పాకాల డేరా

నేను పడిన కబురు నాకంటే ముందు ఊరు చేరింది. వస్తాదు అన్న మాట మీద నిలబడ్డాడు. ఏడాదిపాటు గరిడీ వైపు పోతే గడప బయట నిలబడి నమస్కారం పెట్టేవాణ్ణి. ఆయన అటు తిరిగి మన్ను తడుపుతూ ఉండేవాడు. లోపల నా తోటివాళ్ళు కర్రలు తిప్పే చప్పుడు వింటూ రోడ్డు మీద నిలబడటం ఎంత కష్టమో రాయలేను. రాళ్ళ మీద పడ్డ దెబ్బలన్నీ దాని ముందు దిగదుడుపు.

సినిమా పాకాలలో డేరా వేసి ఆడించే టూరింగ్ టాకీసుకు వచ్చింది. డేరా నడిపే ఆయన నన్ను ప్రతిరోజూ మొదటి ఆటకు వచ్చి గేటు దగ్గర నిలబడమన్నాడు, మన జిల్లా దొంగ అని జనానికి చూపించడానికి. వస్తాదు ఇంటికి వెళ్ళి, ఒక్కసారి వచ్చి చూడండయ్యా, చూశాక ఏమన్నా పడతాను అన్నాను. ఆయన కోడలు చెంగమ్మ మజ్జిగ తెచ్చిచ్చి, మామ మనసు మారదులే అన్నట్టు తల ఊపింది.

మూడో రోజు ఆట మొదలవుతుండగా ఆయన ఒక్కడే వచ్చాడు. చేతిలో కర్ర. నేల టికెట్టు తీసుకుని ఇసుకలో కూర్చున్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే పొమ్మనలేదు, రమ్మనలేదు. జన్మలో సినిమా చూడని మనిషి. తెర మీద గుర్రాలు వచ్చినా, పాట వచ్చినా రెప్ప వేయలేదు. నేను కొండచరియ మీద నుంచి పడినప్పుడు డేరా అంతా ఈలలు. అదే బొమ్మ ఇంకో పక్క నుంచి మళ్ళీ చూపించారు, రెండోసారి కూడా పడ్డాను. నేను తెర వైపు చూడలేదు, ఆయన వైపే చూస్తున్నాను. ఆయన చెయ్యి కర్ర మీద బిగిసింది.

ఆట అయిపోయింది. జనం వెళ్ళిపోయారు. ఆయన లేవలేదు. నన్ను తిట్టడానికి మాటలు కూడబెట్టుకుంటున్నాడనుకుని తల వంచుకుని కూర్చున్నాను. ఆయన చెయ్యి చాపాడు. లేపమని. పదేళ్ళలో ఆయన ఎవరి చెయ్యీ పట్టుకుని లేవడం నేను చూడలేదు. లేపితే, చేతిలో ఆయన బరువంతా ఉంది. అప్పుడు తెలిసింది, ఆ కర్ర ఆయన దర్పం కోసం పట్టుకురాలేదని.

"అంత ఎత్తునుంచి పడితివే. నడుం పోలేదా?" అన్నాడు.

"లేదయ్యా."

"సెయ్యి?"

"అదీ లేదు. పడేదానికి ఒక పద్ధతి ఉండాది."

"సూపించు."

అక్కడే ఇసుకలో పడి చూపించాను. మళ్ళీ సూపించు అన్నాడు. ఐదారుసార్లు పడ్డాను. ఆయన వంగి నా గడ్డం ఎక్కడుందో, చెయ్యి ఎలా వాలుతోందో చూశాడు, నాకు కర్ర నేర్పేటప్పుడు నా మణికట్టును చూసినట్టే. తర్వాత డేరా గుంజను పట్టుకుని నిలబడ్డాడు.

"ఉగాదినుంచి మూడుసార్లు పడినాను రా," అన్నాడు. "ఒకసారి బాయికాడ. ఒకసారి దొడ్లో. ఒకసారి గరిడీలోనే, పిల్లోళ్ళు రాకముందు. ఎవురికీ సెప్పలేదు. మన్ను నేనే దులుపుకున్నాను. యాభై ఏండ్లు పడకుండా ఉండేది నేర్సుకున్నాను, మీకు నేర్పినాను. పడేది నాకెవురూ నేర్పలేదు. మోకాలు నా మాట ఇనడంలేదు. ఇంకోసారి పడితే తుంటి పోతాది, మంచంలో పడతానని భయంగా ఉండాది. నాకు నేర్పు."

ఆయన భయంగా ఉందనడం విన్నది నేనొక్కణ్ణే. నాకు ఏడుపు వచ్చింది. ఆయనకు రాలేదు.

మర్నాడు పొద్దున గరిడీకి రమ్మన్నాడు. గడప దగ్గర నేను ఆగిపోతే, రారా లోపలికి అని విసుక్కున్నాడు. నేను ముందు మన్నులో పడుకుని అంతా దొర్లి చూశాను, రెండు పలుగురాళ్ళు తీసి పారేశాను. లేచి చూస్తే వస్తాదు వంగి నేల తాకి కళ్ళకద్దుకుని, నా ఎదుట నిలబడి ఉన్నాడు. అయ్యా వద్దు అన్నాను. నేర్సుకునేవోడు ముందు మొక్కాల, నీకు తెలీదా అని కసిరాడు.

డెబ్భై దాటిన మనిషికి పడటం నేర్పడమంటే తమాషా కాదు. ముందు కూర్చున్నచోటి నుంచి, తర్వాత మోకాళ్ళ మీద నుంచి, ఆఖరున నిలబడి. నేను వెనక చేతులు చాపి నిలబడేవాణ్ణి. మొదటి నాలుగు రోజులూ ఆయన వీపు బిగుసుకుపోయింది, నాదిలాగే. మోకాళ్ళు ఒప్పుకున్నా ఆయన పరువు ఒప్పుకోలేదు. ఐదో రోజు ఊపిరి వదిలాడు. మెత్తగా దొర్లి, మన్నులో పడుకునే తాటాకు కప్పును చూస్తూ కాసేపు అలాగే ఉన్నాడు. నేను కంగారుపడి ఏమైందయ్యా అంటే, ఈడ నుంచి గరిడీ ఇట్లుంటుందని నాకు తెలీదే అన్నాడు.

కుర్రాళ్ళకు

చెప్పాల్సింది చెప్పేశాను. ఈ పనిలో పేరు హీరోదే, ఒప్పుకుని రండి. ఒప్పుకోలేనివాడు ఊళ్ళో జాతరల్లో కర్ర తిప్పుకోవచ్చు, అదీ గొప్ప పనే, తక్కువ చేసి చెప్పను. కోపం వచ్చిన రోజు పని చెయ్యొద్దు. మీ చేతిలో ఎదుటివాడి వేలు ఉందని మరవద్దు. మీ వల్ల తప్పు జరిగితే ఒప్పుకోండి. నా తప్పు ఇంకొకాయన నెత్తిన వేసుకున్నాడు కాబట్టి నేను బతికిపోయాను, అందరికీ రఘుపతాచార్యులు దొరకరు. ఇక పడటం చేతకానివాడు ఎంతటి వీరుడైనా వాడి విద్య సగమే. ఈ మాట నాది కాదు. మా వస్తాదు తర్వాత తర్వాత గరిడీలో కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేవాడు.

యుద్ధం ముగిసి, నేను మద్రాసులో స్థిరపడ్డాక కూడా నెలకోసారి రైలెక్కి ఊరికి వచ్చేవాణ్ణి. ఒకసారి అలా వచ్చి ఇంట్లో సంచి దించానో లేదో, చెంగమ్మ రొప్పుకుంటూ వచ్చింది. మామ బావికాడ పడ్డాడంది. పరిగెడుతూనే దెబ్బ ఎక్కడ తగిలిందని అడిగాను.

"యాడా తగల్లేదన్నా. లేపుతానంటే లేవడంలేదు. మునిరత్నం వచ్చినాడంట, వాణ్ణి పిలుచుకోని రా, ఈసారి సరిగ్గా పడినానో లేదో వాడు సూసి సెప్పాల అంటా ఉండాడు."

బావి పక్క తడి మన్నులో వస్తాదు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నన్ను చూసి కదలకుండా, కళ్ళతోనే తన చేతి వైపు చూపించాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుని ముందు నేల చూశాను. అరచేయి మొదలు మోచేతి దాకా ఒకే గుర్తు, చక్కగా అచ్చు పడింది. తల ఆనిన గుర్తు లేదు. అన్నీ చూశాక, "బాగా పడినారయ్యా" అన్నాను.

ఆ ముసలాయన, బళ్ళో మొదటి మార్కు వచ్చిన పిల్లాడిలా, ఆ మాట చుట్టుపక్కల ఎవరైనా విన్నారా అని తల ఎత్తి చూశాడు.